జీలుగుబెండు విమానం

నమోదు 1

గాలిసంఘం వారికి,

లంకలో ఎవరైనా సొంతంగా చేసిన వస్తువును గాల్లోకి వదలాలంటే దాని తయారీ అంతా రాసి చూపించాలని మీ నిబంధన. గాలిపటాలకు కూడా ఇదే వర్తిస్తుందట. లంకలో గాలి వీచదు, గాలిపటం ఎగరదు, నిబంధన మాత్రం ఉంది. సంతోషం. "తెలియనివారికి సైతం అర్థమయ్యేలా" రాయాలని కూడా అందులో ఉంది. ముప్పై ఏళ్లు మీ బడిలో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, ఆ పని నాకు కొత్త కాదు. ఇది చదవబోయే కార్యదర్శి గవర్రాజు నా దగ్గర చదువుకున్నవాడే. అతనికి అర్థమైతే ఇంకెవరికీ ఇబ్బంది ఉండదు.

నా పేరు శాన్వి. మా తరం ఆడవాళ్లమంతా శాన్విలం, మోక్షితలం. మా మనవరాళ్లేమో సూరమ్మలు, వెంకాయమ్మలు. పేర్లు వెనక్కి తిరిగి వెళ్లాయి, మనుషులకే ఆ వీలు లేకపోయింది.

తెలియనివారి కోసం: మన లంక ఆకాశంలో తేలే ఒక పెద్ద డోలు. అది తన ఇరుసు చుట్టూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి మనం లోపలి గోడకు అదుముకుని నిలబడగలుగుతున్నాం, ఆ గోడనే నేల అంటున్నాం. డోలుకు ఒక పక్క మూతను ఆనుకుని మెట్లుమెట్లుగా అంచెలు కట్టుకున్నాం. పై అంచెకు పోయేకొద్దీ బరువు తగ్గుతుంది. మూత నడిమధ్యన ఉన్నది నాభి. అక్కడ బరువే లేదు. గుండె బాగా నీరసించినవాళ్లను అక్కడి తేలిక వార్డులో పెడతారు. అక్కడ హాయిగా ఉంటుందంటారు. కాకపోతే అక్కడికి వెళ్లిన గుండె బరువు మొయ్యడం మరిచిపోతుంది కాబట్టి ఇక కిందికి రావడమంటూ ఉండదు.

మా ఆయన అక్క మోక్షిత, నాకు వదిన, రెండేళ్లుగా ఆరో అంచెలో ఉంటోంది. ఆవిడ గుండె కిందనేల బరువు మొయ్యలేదని అక్కడ పెట్టారు. తర్వాతి మజిలీ నాభి. భూమి మీద ఉన్నప్పుడు ఆవిడ గోదావరి వరదల్లో మందులూ బియ్యమూ జారవిడిచే చిన్న విమానం నడిపింది. ఇప్పుడు ఆ విమానానికి ఎనిమిదో వంతు నమూనా చేసి, కరెంటు మోటారు పెట్టి, రేడియో రిమోటుతో ఎగరేయాలంటోంది. నాభికి వెళ్లేలోపు, కిందనేల మీద నుంచి, పూర్తి బరువుతో, తన చేత్తో ఒక్కసారి లేపి దించాలి. అదీ కోరిక. ఆవిడ ఇంతవరకు నన్ను ఏదీ అడగలేదు, ఆజ్ఞాపించడమే తెలుసు. అడిగేసరికి భయమేసి ఒప్పుకున్నాను.

నమోదు 2

కొలతలకు పటాలు లేవు. వదిన జ్ఞాపకమే పటం. ఆవిడ సుద్దముక్కతో గచ్చు మీద గీస్తుంది, నేను లెక్క కడతాను, ఇద్దరం పోట్లాడుకుంటాం, తడిగుడ్డతో తుడిచి ఆవిడ మళ్లీ గీస్తుంది.

"తోక ఇంత పొట్టిగా ఉండదు వదినా. నిలకడ ఉండొద్దూ?" అన్నాను.

"దాంట్లో కూర్చున్నది నువ్వా, నేనా?"

"నేను దాని కింద కూర్చున్నాను."

నిజమే. ఆ వరదలో నేను కాలేజీ పిల్లని. మా వీధి వీధంతా హైస్కూలు డాబా మీద ఉంది. చుట్టూ ఎర్రటి నీళ్లు, తేలిపోతున్న గడ్డివాములు, ఒక వాము మీద కోళ్లు. మేఘం కింద నుంచి పసుపుపచ్చ విమానం ఒకటి, రెక్క పైనున్న రకం, మా తలలు తగులుతాయేమోనన్నంత కిందికి వచ్చింది. దాన్నుంచి రాలిన మందుల సంచి సరిగ్గా మా గంజి డేగిసాలో పడింది. అందరూ దణ్ణాలు పెడుతుంటే నేను పిడికిలి చూపించాను. పైనుంచి ఒక చెయ్యి తాపీగా ఊగింది. ఆ చెయ్యి తాలూకు మనిషి తమ్ముణ్ణే నాలుగేళ్ల తర్వాత పెళ్లి చేసుకున్నాను. గంజి సంగతి పెళ్లిపీటల మీద కూడా ఎత్తాను. "గురి చూసే వేశాను" అంది ఆవిడ.

ఎముకలకు జీలుగుబెండు తెచ్చాం. కాలువ చివర నీళ్లలో పెరుగుతుంది. ఎండితే అరచేతిలో ఉందో లేదో తెలియదు. రెక్కలకు నిలువునా వెదురు బద్దలు. గుమ్మడి మళ్లలో పుప్పొడి ఊదే పంకా ఒకటి మూలపడి ఉంటే దాని మోటారు ముక్కులో బిగించాను. చుక్కానినీ, రెక్కల అంచుల్నీ కదపడానికి కిటికీ రెప్పలు తిప్పే బుల్లి సర్వో మోటార్లు సరిపోయాయి. బ్యాటరీ ఎక్కడిదని సంఘం వారు అడగవచ్చు. మా ఆయన చక్రాల కుర్చీది. ఆయనకు ఇప్పుడు దాంతో పనిలేదు.

నమోదు 3

ఎముకల మీద గుడ్డ తొడగాలి. పట్టుగుడ్డే కావాలంది వదిన.

"మీ దగ్గరుంటే తియ్యండి."

"ప్యాంట్లతో బతికినదాన్ని. నా దగ్గర చీరలెక్కడివే?"

అలా నా ఉప్పాడ చీర పోయింది. మా అత్తగారు, అంటే ఈవిడ తల్లే, పెట్టిన చీర. ఆ మగ్గం ఉన్న వీధి సముద్రంలో కలిసి చాలా కాలమైంది. చీర మాత్రం రెండు తరాలు దాటి లంక దాకా వచ్చింది. కత్తెర పెట్టేముందు ఒకసారి భుజం మీద వేసుకుని చూసుకున్నాను. "బావుందిలే, కొయ్యి" అంది వదిన. అంతకంటే సానుభూతి ఆవిడ దగ్గర దొరకదు.

గుడ్డను బెండు మీద పరిచి, పల్చటి జిగురు కుంచెతో రాసి, ఆరనిచ్చాం. ఆరేకొద్దీ బిగిసింది. వేలితో మీటితే తప్పెటలా మోగింది. వదిన ఒక రెక్క ఎత్తి కిటికీ వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూసింది. లోపలి ఎముకలన్నీ కనబడుతున్నాయి. "వర్షంలో దీని మీద పడే చప్పుడు నీకు తెలియదు" అంది. నాకు వర్షం చప్పుడే గుర్తులేదు. డాబా మీది తాటాకు పందిరి మీద పడేది ఒకటి ఉండేది. అది గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తే మన తోటల్లో నీళ్లు చిమ్మే గొట్టాల చప్పుడే వస్తోంది.

నమోదు 4

ముస్తాబు మొదలైంది. విమానం కట్టడం కంటే దీనికే ఎక్కువ కాలం పడుతోంది. వదిన దగ్గర ఓపిక ఉందని యాభై ఏళ్లకు పైబడిన పరిచయంలో మొదటిసారి తెలిసింది. పసుపుపచ్చ పూత నాలుగుసార్లు వేసింది, ప్రతి పూతా అరగదీసి మళ్లీ వేసింది. సూదిమొనతో జిగురుచుక్కలు పెట్టి రివెట్లు చేసింది. పొగగొట్టం వెనక మసికి నా కాటుక వాడింది. సీట్లకు తోలు కుట్టించింది. నడిపే మనిషి బొమ్మకు జడ కూడా అల్లింది. తలుపు తీస్తే తెరుచుకోవాలట. పొట్ట కింద బురద మరకలకు కాలువ మట్టి తెమ్మంది.

"ఎగిరే వస్తువు వదినా. పెళ్లికూతుర్ని చేస్తున్నారు."

"నువ్వు తూకం చూసుకో. రంగు నేను చూసుకుంటా."

తూకం చూస్తూనే ఉన్నాను. ఈ మోటారు కిలోకు మించి లేపలేదని లెక్క కట్టాను. ప్రతి పూత తర్వాతా వదిన గది దూలానికి వేలాడే స్ప్రింగు కాటాకు తగిలించి చూస్తున్నాను. చివరి మరక ఆరాక కూడా ముల్లు కిలో గీత మీదే నిలబడింది. గర్వపడ్డాను.

గవర్రాజు తనిఖీకి వచ్చాడు. నమూనా చుట్టూ రెండుసార్లు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అద్భుతంగా ఉందండి టీచరుగారూ. అయితే ఒకటండి. ఇది అదుపు తప్పి ఎదురునేల మీద పడితేనండి?"

ఎదురునేల అంటే మన తలల మీద, డోలు అవతలి వైపు, తలకిందులుగా కనబడే వీధులు. వాళ్లకు మనం తలకిందులు.

"పడితే వాళ్లు తెచ్చిస్తారు" అన్నాను.

"నిబంధనలో ఆ సంగతి లేదండి."

"రాయించు నాయనా. ఖాళీగా ఉన్నావుగా."

అతను వెళ్లాక వదిన తోకను వేలితో అటూ ఇటూ కదిపి చూస్తూ, "అన్నీ చేశాం శానూ. గాలే లేదు" అంది. గోదారి మీద పడమటి గాలి ఒక్కసారిగా రెక్కను తోస్తే చేతికి ఎలా తెలిసేదో చెప్పింది. మనిషి భుజం పట్టి జరిపినట్టు ఉండేదట. ఆ గాలిని అప్పట్లో రోజూ తిట్టుకునేదట.

నమోదు 5

సూరమ్మ వచ్చి చూసింది. సూరమ్మ నా కొడుకు కూతురు, గుండె డాక్టరు, తేలిక వార్డులోనే పని. లంకలో పుట్టిన పిల్ల కాబట్టి భూమి మీద మాకున్న బెంగ దానికి అంటలేదు. వదిన గుండె చప్పుడు విని, రెండోసారి కూడా విని, పరికరం మెడలో వేసుకుంది.

"పెద్దమామ్మా, ఆరో అంచె కూడా నీకు ఎక్కువవుతోంది. ఈ వారంలో నాభికి మార్చేద్దాం."

"విమానం ఎగిరాక."

"కిందికి దిగితే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసు. బరువుగా ఉంటుంది."

సూరమ్మ నా వైపు చూసింది, నేను కల్పించుకుంటానని. నేను రిమోటు బటన్లు తుడుస్తూ కూర్చున్నాను. చివరికి ఒక్క పూట దిగడానికి ఒప్పుకుంది. కుర్చీలోంచి లేవకూడదు, తను పక్కనే ఉంటుంది, తను ఆపమంటే ఆపేయాలి. ఒక్కటంటే ఒక్క పూట.

నమోదు 6

ఎగరలేదు.

లంక పొడవునా పోయే పెద్దవీధిని పొద్దున్నే ఖాళీ చేయించారు. ఎండను లోపలికి మళ్లించే అద్దాలు తెరుచుకుని వెలుగు పడేసరికి జనం రెండు పక్కలా చేరారు. ఎదురునేల వాళ్లు కూడా మిద్దెలెక్కి దుర్భిణీలు పెట్టారట. లిఫ్టులోంచి వదిన కుర్చీని దింపగానే ఆవిడ ముఖం వాడిపోయింది, పెదవులు నల్లబడ్డాయి. అయినా రిమోటు ఒళ్లోకి తీసుకుని వేళ్లు ఒకసారి విదిలించుకుంది.

మోటారు బాగా పలికింది. విమానం పరుగెత్తింది, తోక లేచింది. అది ఇంకా పరుగెత్తింది. వదిన రిమోటు మీది పుల్లను వెనక్కి లాగుతూనే ఉంది. ముక్కు రవ్వంత ఎత్తి, చక్రాలు నేలను వదల్లేక, వీధి దాటి తోటకూర మడిలో దూరింది. పసుపుపచ్చ రెక్క మీద తోటకూర మట్టి. ఆ మరక మాత్రం సహజంగా వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బావుండేది. వదిన రిమోటు నా చేతికిచ్చి, "పైకి తీసుకెళ్లు సూరమ్మా" అంది. లిఫ్టు తలుపు మూసుకునేవరకు నా వైపు చూడలేదు.

నమోదు 7

మోటారు సరిగ్గా ఉంది. బ్యాటరీ నిండుగా ఉంది. రెక్క వంకర లేదు. లెక్కలు మళ్లీ కట్టాను, తప్పు లేదు. తప్పు లేకపోతే అది ఎగిరి ఉండాలి. ఇలాంటి జవాబు రాసిన పిల్లలకు నేను సున్నా వేసేదాన్ని.

కూరల కోసం కిందనేల సంతకు వెళ్లాను. నా ముందు నిలబడ్డ పై అంచె కుర్రది తన ఇంటి కాటా సంచిలో తెచ్చుకుంది. ఆనపకాయ దానికి తగిలించి చూస్తానంది. కూరలమ్మి ఒప్పుకోలేదు.

"మీ అంచె కాటా మీ అంచెలోనే పెట్టుకోమ్మా. ఇక్కడ తక్కెడే. సంత పుట్టినప్పట్నించీ అదే పద్ధతి."

లంకలో ఇది మూడో తరగతి పాఠం. స్ప్రింగు కాటా ఎంత లాగుడు ఉంటే అంతే చూపిస్తుంది. పై అంచెలో లాగుడు తక్కువ కాబట్టి అక్కడ తక్కువ చూపిస్తుంది. రెండు పళ్లేల తక్కెడకు ఆ బాధ లేదు, రెండు వైపులా ఒకేలా తగ్గుతుంది. అందుకే మన సంతల్లో తక్కెడ తప్ప ఇంకోటి వాడరు. ఈ పాఠం బడిలో చెప్పింది నేను. ఏటా చెప్పాను. పిల్లలచేత పాట కట్టించి మరీ పాడించాను.

కూరలు అక్కడే వదిలేసి ఇంటికి నడిచాను. నమూనాను తక్కెడలో పెట్టాను. ఆరో అంచెలో కిలో చూపించింది ఇక్కడ కిలోన్నరకు కాస్త తక్కువ తూగింది.

ఎలా మరిచిపోయానని రాత్రంతా నన్ను నేను అడిగి చూసుకున్నాను. రెండేళ్లుగా రోజూ పైకి వెళ్తున్నాను. అక్కడే తింటున్నాను, అక్కడే పోట్లాడుతున్నాను. కిందికి దిగేది పడుకోవడానికే. ఆరో అంచె తేలిక అన్న సంగతే మనసులోంచి పోయింది. ఆవిడ ఎక్కడ ఉంటే అదే నేల అనుకున్నట్టున్నాను.

నమోదు 8

నమూనాను పైకి మోసుకెళ్లి చెప్పాను. నసగకుండా చెప్పాను.

వదిన రెక్క మీది మట్టిని గోటితో గీకుతూ, "ముప్పై ఏళ్లు చెప్పావు" అంది.

"చెప్పాను."

"పాట కూడా ఉండేది."

"ఉండేది వదినా."

"పాడు."

పాడలేదు. ఉన్న దారులు రెండు చెప్పాను. మొదటిది, ఈ ఆరో అంచె అరుగు మీద నుంచే ఎగరేయడం. ఇక్కడి బరువుకు తప్పకుండా లేస్తుంది, ఆవిడ కిందికి దిగనక్కర్లేదు, సూరమ్మతో పేచీ ఉండదు.

"ఇక్కడ పీటని విసిరినా ఎగురుతుంది" అంది వదిన. "అది ఎగరడం కాదు, పడకపోవడం."

రెండో దారి రంగంతా గీకేయడం. సీట్లు, తలుపులు, రివెట్లు, జడబొమ్మ, నాలుగు పూతలు, అన్నీ పోతే బరువు కిలో దాటి కాస్త ఉంటుంది. మోటారును పూర్తిగా తిప్పితే లేవవచ్చు. లేవకపోవచ్చు.

"అంతా తీసేస్తే ఏం మిగులుతుంది? నీ చీర, నాలుగు బెండుముక్కలు. అది నా విమానమేంటి. ఎవరిదైనా కావచ్చు."

"ఎగరని ముస్తాబు ఎవరికి వదినా?"

"నాకు" అంది, గోడ వైపు తిరిగింది.

నేను కూడా చాలా అన్నాను. సంఘం వారి దస్త్రంలో వాటికి చోటు లేదు. మూడు నెలలుగా జడలు అల్లుతూ కూర్చోకపోతే ఎప్పుడో ఎగిరేదన్నాను. కాటా చూసినదెవరని ఆవిడ అడిగింది. అంతటితో లేచి వచ్చేశాను. లిఫ్టులో దిగుతుంటే మోకాళ్లు నొప్పెట్టాయి, ఆవిడ మీద కోపం ఇంకా పెరిగింది.

నమోదు 9

రెండు రోజులు వెళ్లలేదు. మూడో రోజు ఉలవచారు పట్టుకుని, దాన్ని ఇవ్వడానికే వచ్చానన్న ముఖం పెట్టుకుని వెళ్లాను.

గదంతా ఘాటు వాసన. వదిన మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంది. విమానం ఒళ్లో ఉంది. గుడ్డముక్కను ద్రావకంలో ముంచి తోక మీది పసుపుపచ్చను తుడుస్తోంది. నేల మీద పసుపు మరకలు, కుట్టుతోలు సీట్లు, జడబొమ్మ బోర్లా.

"ఆ కిటికీ తెరువు. తల తిరుగుతోంది" అంది. తెరిచాను. ఇంకో గుడ్డముక్క తీసుకుని రెండో వైపు కూర్చున్నాను. పల్చటి పట్టు చిరక్కుండా తుడవడానికి చాలా మెల్లగా చెయ్యి ఆడించాలి.

కాసేపటికి తనే చెప్పింది. "వరద రెండో రోజు నీళ్లు ఇంకా పెరిగాయి. తీసుకెళ్లాల్సిన సంచులు ఎక్కువ, విమానం మొయ్యదు. మెకానిక్కూ నేనూ కలిసి వెనక సీటు పీకేశాం. తలుపులు రెండూ ఊడదీశాం. లోపలి తోలంతా చింపేశాం. నేను చెప్పులు కూడా కిందే వదిలేశాను. మీ డాబా మీదికి వచ్చినప్పుడు దాని ఒంటి మీద ఏమీ లేదే. పసుపు రంగు సగం కొట్టుకుపోయి తగరంలా ఉంది. నువ్వు చూశావుగా."

నాకు గుర్తున్నది పచ్చటి పసుపు. ఆవిడకు గుర్తున్నది వేరు. ఆ విమానంలో కూర్చున్నది ఆవిడే కాబట్టి వాదించలేదు.

"మూడు నెల్లు నేను చేసింది హ్యాంగర్లో నిలబెట్టిన విమానం" అంది వదిన. "ఎగిరింది ఇది." ఇంకో గుడ్డముక్క ముంచింది. "ఉలవచారులో ఉప్పు చేత్తో వేశావా, లేక కాటాలో తూచి వేశావా?"

సాయంత్రానికి రంగంతా పోయింది. ఒంటి పట్టుతో, లోపలి ఎముకలన్నీ కనబడుతూ మిగిలింది. ఈసారి తక్కెడను కింద నుంచి మోసుకొచ్చాను. అందులో పెట్టి తూచాను. కిలో, దాని మీద పావులోపు. లేస్తుందని రాయలేను, లేవదని కూడా రాయలేను.

నమోదు 10

సూరమ్మ ఒప్పుకోలేదు. ఒక్క పూట అన్నాను, ఆ పూట అయిపోయింది అంది. నిన్న రాత్రి తీసిన పరీక్షలో గుండె మరీ నీరసించింది, ఇవాళే నాభికి తీసుకెళ్తున్నాను అంది.

నేను మనవరాలిని పక్కకు తీసుకెళ్లి డాక్టరుగారూ అని పిలిచాను. దానికి అదే మొదటిసారి.

"డాక్టరుగారూ, పైకి వెళ్లాక ఆవిడ ఎన్నాళ్లుంటుంది?"

"చాలా కాలం ఉండొచ్చు మామ్మా. ఏళ్లే ఉండొచ్చు."

"ఆ ఏళ్లన్నీ ఆవిడ దేని గురించి మాట్లాడాలి? తోటకూర మడి గురించా?"

సూరమ్మకు భూమి తెలియదు, వరద తెలియదు. కానీ వార్డులో తేలుతూ గోడలు చూస్తూ ఉండే మనుషులను రోజూ చూస్తుంది. "లిఫ్టు అక్కడే ఆపి ఉంచుతాను. దిగడం, ఎగరేయడం, ఎక్కడం. మధ్యలో ఒక్క మాట ఉండకూడదు" అంది.

జనానికి చెప్పలేదు. పెద్దవీధిలో మేం ముగ్గురం, గవర్రాజు. అతను నిబంధన ప్రకారం జెండా తెచ్చాడు గానీ ఎప్పుడు ఊపాలో తెలియక చంకలో పెట్టుకున్నాడు.

వదిన ఉన్నది చక్రాల కుర్చీలోనే గానీ కూర్చున్న తీరు విమానంలో కూర్చున్నట్టు ఉంది. నడుము నిటారు. ఊపిరి గట్టిగా వినబడుతోంది. మోటారు తిప్పింది. విమానం కదిలింది, పరుగందుకుంది, తోక లేచింది. మొన్న ముక్కు ఎత్తిన చోటు దాటిపోయింది. వదిన పుల్లను లాగలేదు. వేగం ఇంకా పోగవనిచ్చింది. తోటకూర మడి దగ్గరపడింది. నేను కళ్లు మూసుకుందామనుకుంటుండగా ఆవిడ బొటనవేలు వెంట్రుకవాసి వెనక్కి జరిగింది. చక్రాల చప్పుడు ఆగిపోయింది.

మడి మీదుగా పోయింది. పాకల మీదుగా పోయింది. అద్దాల వెలుగు పట్టులోంచి దూరి ఎముకలన్నీ మెరిశాయి. పైకి పోయేకొద్దీ బరువు తగ్గి ఇంకా సునాయాసంగా ఎక్కింది. లంక తిరిగే వైపుకు తిప్పితే ఉన్నట్టుండి బరువెక్కి కుంగింది. ఎదురు వైపుకు తిప్పితే తేలిపోయింది. మొదటిసారి కుంగినప్పుడు వదిన వేళ్లు తడబడ్డాయి. రెండోసారి ముందే సర్దుకున్నాయి. మూడోసారి ఆవిడ నవ్వింది.

"తోస్తోందే" అంది. "లంక తోస్తోంది. అచ్చం పడమటి గాలే."

"మాట్లాడొద్దన్నాను పెద్దమామ్మా" అంది సూరమ్మ. దాని చెయ్యి వదిన నాడి మీదుంది, కళ్లు మాత్రం పైనున్నాయి.

ఎదురునేల దాకా పోయింది. అక్కడ తలకిందులుగా బట్టలారేస్తున్న ఒకామె ఆగి చూసింది. మాకు ఆమె చుక్కంత. చెయ్యి ఊపిందో, తడిబట్ట దులిపిందో తెలియలేదు.

దించడమే కష్టం. కిందికి వచ్చేకొద్దీ ప్రతి అడుగుకూ బరువు పెరుగుతుంది. వదిన మోటారు తగ్గించి, మళ్లీ కాస్త పెంచి, వీధి చివర నుంచి తీసుకొచ్చింది. ఆఖర్న అది పైనుంచి వదిలేసినట్టు కుంగింది. నేలను తాకి, ఎగిరి, మళ్లీ తాకి, ఎడమ చక్రం ఊడి దొర్లిపోగా, ఒక రెక్క ఈడ్చుకుంటూ మా కాళ్లకు పది అడుగుల దూరంలో ఆగింది. గవర్రాజు అప్పుడు జెండా ఊపాడు.

వదిన ముఖమంతా చెమట. "చూశావా, ఎంత బరువుగా దిగిందో" అంది. ఆ గొంతులో ఉన్నది నొప్పి కాదు, గర్వం.

నమోదు 11

ఈ నమోదు నిబంధనకు అవసరం లేదు. రాస్తున్నాను.

లిఫ్టులో నేనూ ఎక్కాను. వదిన చెయ్యి నా చేతిలో ఉంది. మొదటి అంచె దగ్గర అది అలసిపోయిన ముసలి చెయ్యి. మూడో అంచె దాటాక కొంచెం తేలికైంది. ఊపిరి నెమ్మదించింది, పెదవులకు రంగు వచ్చింది. ఆరో అంచెలో ఆగకుండా పోయాం. అద్దంలోంచి ఆవిడ గది కిటికీ కనబడింది. నేనే తెరిచి మూయడం మరిచిపోయాను.

ఎనిమిదో అంచె దగ్గర వదిన సూరమ్మను లిఫ్టు ఆపమంది.

"నువ్వు ఇక్కడ దిగిపో."

"నాభి దాకా వస్తాను వదినా."

"వచ్చి ఏం చేస్తావు, నీకు తేలడం చేతకాదు. వాంతి చేసుకుంటావు, నాకు పరువు తక్కువ. కింద చక్రం ఊడి పడుంది. రెక్క చివర గుడ్డ చిరిగింది. వెంటనే జిగురు పెట్టకపోతే చిరుగు పెరుగుతుంది." చెయ్యి వదలకుండానే ఇదంతా చెప్పింది. "నాభిలో పెద్ద కిటికీ ఉందటగా సూరమ్మా? లంకంతా కనబడుతుందటగా?"

"కనబడుతుంది పెద్దమామ్మా."

"అయితే కిటికీ పక్క మంచం ఇప్పించు. ఈవిడ రేపు పొద్దున్న ఎగరేస్తుంది, నేను చూడాలి."

దిగాను. తలుపు మూసుకుంది. వాళ్లు పైకి వెళ్లిపోయాక రెండో లిఫ్టులో కిందికి వచ్చాను. ఒక్కో అంచె దిగుతుంటే ఒక్కో పిడికెడు బరువు వచ్చి చేరింది. ముందు పాదాల్లోకి, తర్వాత మోకాళ్లలోకి, చివర భుజాల మీదికి. వీధిలో గవర్రాజు విమానాన్ని ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఊడిన చక్రం వెతికి జేబులో వేసుకున్నాడట.

"ఇది మళ్లీ ఎగరాలంటేనండి, ఎగరేసేవారికి అనుభవం ఉండాలని నిబంధనండి" అన్నాడు. "తమరు ఇదివరకెప్పుడైనా ఎగరేశారాండి?"

లేదు. నేను ఏనాడూ ఆ పుల్లల మీద వేలు పెట్టలేదు. లెక్కలు కట్టాను, బెండు కోశాను, చీర ఇచ్చాను. ఎగరేయడం ఎప్పుడూ ఆవిడ పనే.

"రేపు పొద్దున్నుంచి ఉంటుంది" అన్నాను.

చక్రం అతికించాను. చిరుగు మీద పట్టుముక్క వేసి జిగురు రాశాను. బ్యాటరీ చార్జింగులో ఉంది. రిమోటు ఒళ్లో పెట్టుకుని, మోటారు ఆపి ఉంచి, ఎడమ పుల్ల ఏది కదుపుతుందో కుడి పుల్ల ఏది కదుపుతుందో చూస్తున్నాను. తోక ఊగుతోంది. నేను అటు అనుకుంటే అది ఇటు పోతోంది. ఫోను మోగుతోంది. నాభి నుంచి. ఎత్తేలోపే ఆవిడ కేకలు మొదలయ్యే ఉంటాయి.